కన్‌స్ట్రక్టర్‌లోనే ఎక్సెప్షన్ కొట్టాలా, ఫ్యాక్టరీ మెథడ్ పెట్టాలా?

చిత్తూరు_జావా:
మామిడి పల్ప్ యూనిట్‌కి కాటా చీట్ల సాఫ్ట్‌వేర్ చేస్తా ఉండాం, జావా 21లో. చీటీ అంటే ఒక రికార్డు (విలువలు దాచుకునే ఒక రకం జావా క్లాస్), అందులో లోడు బరువు, ఖాళీ బండి బరువు, రైతు కోడు. ఖాళీ బరువు లోడు కన్నా ఎక్కువుంటే కన్‌స్ట్రక్టర్ (చీటీని తయారుచేసే ప్రోగ్రామ్ భాగం) ఇల్లీగల్ ఆర్గ్యుమెంట్ ఎక్సెప్షన్ కొడతాది, అంటే ఇచ్చిన విలువ తప్పని ఎర్రర్ లేపుతాది. రాత్రికి ఆ రోజు చీట్లన్నీ ఫైల్లోంచి ఎక్కిస్తామా, యాడో ఒక చీటీ తప్పుంటే మొత్తం ఆడికే ఆగిపోతాది, మిగతా రైతుల లెక్కలు కూడా పెండింగే. అందుకే కన్‌స్ట్రక్టర్‌ని ప్రైవేట్ చేసేసి (బయట కోడ్ నేరుగా పిలవకుండా) ఒక స్టాటిక్ మెథడ్, అంటే చీటీ తయారుచేసిచ్చే ఫ్యాక్టరీ ఫంక్షన్ పెడదాం, అది చీటీ అన్నా ఇస్తాది లేదా ఎందుకు కుదర్లేదో కారణమన్నా ఇస్తాది అంటా ఉండా. టీమ్‌లో ఒప్పుకోడం లేదు.

తిరుపతి_బ్యాకెండ్:
లూప్ లోపల ట్రై-క్యాచ్ (ఎక్సెప్షన్‌ని పట్టుకునే కోడ్) పెడితే పోయేదానికి ఇంత ఎందుకన్నా? ఫ్యాక్టరీ పెట్టినంత మాత్రాన ఎక్సెప్షన్లు పోవు, జావాలో తేదీ తయారుచేసే లోకల్‌డేట్.ఆఫ్ కూడా ఫ్యాక్టరీనే కదా, ఫిబ్రవరి 30 ఇచ్చి చూడు, డేట్‌టైమ్ ఎక్సెప్షన్ కొడతాది. పైగా పబ్లిక్ రికార్డుకి ప్రైవేట్ కన్‌స్ట్రక్టర్ అంటే కంపైలరే ఒప్పుకోదు, మామూలు క్లాస్ చేసుకొని, రెండు చీట్లు ఒకటేనా అని పోల్చే ఈక్వల్స్, హ్యాష్‌కోడ్ మనమే రాసుకోవాల.

రేణిగుంట_రస్ట్:
రస్ట్ భాషలో అసలు ఈ గొడవే లేదు, కన్‌స్ట్రక్టర్ అని ప్రత్యేకంగా ఏం లేదు, న్యూ కూడా మామూలు ఫంక్షనే, ఫెయిలయ్యేదుంటే రిజల్ట్ (విలువ గానీ ఎర్రర్ గానీ ఉండే టైపు) ఇస్తాది. సీ ప్లస్ ప్లస్‌లో కన్‌స్ట్రక్టర్ ఏదీ రిటర్న్ చెయ్యలేదు కాబట్టి ఎక్సెప్షన్లు వాడని గూగుల్ లాంటి వాళ్ల స్టైల్ గైడ్‌లో ఫ్యాక్టరీ ఫంక్షనో, తయారయ్యాక విడిగా పిలిచే ఇనిట్ మెథడో చూసుకోమని ఉంటాది.

చిత్తూరు_జావా:
లోకల్‌డేట్ మాట నిజమే, ఫ్యాక్టరీ అన్న పేరు కాదు ముఖ్యం, అదేం రిటర్న్ చేస్తాదనేదే ముఖ్యం. ఆపరేటర్ రెండు బరువులూ తారుమారుగా కొట్టడం సీజన్లో రోజూ ఉండేదే, అట్లాంటి దానికి ఎక్సెప్షన్ ఎందుకు? అది అన్‌చెక్డ్ కూడా, క్యాచ్ మర్చిపోతే కంపైలర్ నోరెత్తదు. అదే సీల్డ్ ఇంటర్‌ఫేస్ (ఏయే రకాలుండొచ్చో ముందే కట్టేసే టైపు) కింద సరైన చీటీ, తిరస్కారం అని రెండు రకాలు పెడితే స్విచ్‌లో ఒకటి వదిలేస్తే కంపైలే కాదు. రికార్డు పోతే పోనీ, ఈక్వల్స్ ఐడీఈనే (మనం కోడ్ రాసే సాఫ్ట్‌వేర్) రాసిస్తాది.

తిరుపతి_బ్యాకెండ్:
ఫైలు ఎక్కించే చోట వరకు సరే, ఒప్పుకుంటా. లోపల మన కోడే తప్పు బరువు ఇస్తే మాత్రం అది బగ్గు, ఆడ ఎక్సెప్షనే కొట్టాల, ఆ చెక్ కన్‌స్ట్రక్టర్‌లోంచి తీయొద్దు.

చిత్తూరు_జావా:
తీయను. రేపు ఫైలు ఎక్కించే క్లాస్ ఒక్కటి మార్చి రివ్యూకి పెడతా, చూడన్నా.