‘బియ్యం నిండుకున్నాయి’: అయిపోయాయన్న అర్థం ఎక్కడిది?

ప్రశ్న:
నిండు అంటే పూర్ణం కావడం కదా. ‘బియ్యం నిండుకున్నాయి’ అంటే డబ్బా అడుగంటిందని ఎలా అర్థమవుతోంది? వ్యంగ్యార్థమని, అంటే సూచనగా స్ఫురించేదని కొందరు, ఆ మాటకున్న రెండో అర్థమే అని కొందరు అంటున్నారు. ఏది సరైనది?

జవాబు:
ఇది లక్ష్యార్థమండీ, అంటే మాట అసలు అర్థం (ముఖ్యార్థం) కుదరనప్పుడు దానికి సంబంధించిన మరో అర్థం తీసుకోవడం. సంస్కృత ఆలంకారికుడు (కావ్యశాస్త్రకారుడు) మమ్మటుడు కావ్యప్రకాశంలో లక్షణకు, అంటే ఇలా అర్థం తీసుకునే పద్ధతికి, మూడు షరతులు చెప్పాడు: ముఖ్యార్థం పొసగకూడదు, దానితో సంబంధం ఉండాలి, రూఢి (స్థిరపడిన వాడుక) గానీ ప్రయోజనం (అలా అనడంలోని ఉద్దేశం) గానీ ఉండాలి. ‘గంగలో గొల్లపల్లె’ అంటే ప్రవాహంలో పల్లె ఉండదు కనుక ఒడ్డున అని తీసుకుంటాం. చల్లదనం, పావనత్వం అక్కడి ప్రయోజనం. మన వాక్యంలో డబ్బా ఖాళీగా కనిపిస్తుంటే ‘నిండు’ పొసగదు. సంబంధం వైపరీత్యం, అంటే వ్యతిరేకత. ఇంట్లో గింజ లేదన్న అశుభం నోట పలకకూడదన్న పట్టింపు ప్రయోజనం. ఆ ప్రయోజనం మాత్రం తెలిసేది వ్యంజన (సూచించే శక్తి) వల్లే, కనుక వ్యంగ్యం అన్నవాళ్ళదీ పూర్తిగా తప్పు కాదు.

మరొకరు:
ఇందులో వ్యాకరణం కూడా ఉంది. ‘బియ్యం నిండాయి’ అంటే ఈ అర్థం రాదు, ‘కొను’ చేరాల్సిందే. అది చేరినా చాలదు. ‘కళ్ళలో నీళ్ళు నిండుకున్నాయి’ అంటే నిజంగానే నిండాయి. ‘కుండలో నీళ్ళు నిండుకున్నాయి’ అంటే అయిపోయాయి. కర్త అదే, క్రియ అదే, విభక్తి కూడా అదే! కుండలో నీళ్ళు వాడకానికి దాచుకున్న సరుకు, కళ్ళలోవి కావు. తేడా అంతా అక్కడే ఉంది.
పత్రికల్లో ‘ఖజానా నిండుకుంది’ అని రాస్తుంటారు. పాత్రనే కర్తగా పెట్టడం వల్ల చదివేవాడు ఒక్క క్షణం తికమకపడతాడు. ‘ఖజానాలో డబ్బు నిండుకుంది’ అంటే ఆ చిక్కు ఉండదు.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడు మందులకీ టీకాలకీ కూడా వాడుతున్నారు. అశుభం సంగతి ఎవరికీ గుర్తులేదు. ఇక రూఢి అనేయవచ్చా?

జవాబు:
చాలావరకు రూఢే. అయితే ఒక పరీక్ష చేసి చూడండి. ‘చెత్త నిండుకుంది’, ‘జ్వరం నిండుకుంది’ అని ఆ అర్థంలో ఎవరైనా అంటారా? అనరు. ఉండాలని కోరుకునేది లేకుండా పోయినప్పుడే ఈ మాట వస్తుంది. అంటే పాత పట్టింపు మనసులో లేకపోయినా వాడుకలో మిగిలే ఉంది. నాకు ఈ మాటలో అన్నిటికన్నా ముచ్చటైన సంగతి ఇదే.
అసలైన వ్యంజన చూడాలంటే మాటను వదిలి వాక్యం మొత్తాన్ని పట్టుకోండి. ‘బియ్యం నిండుకున్నాయి’ అని భార్య భర్తతో అంటే, కొట్టుకు వెళ్ళమని. గ్లాసు పట్టుకుని వచ్చిన పొరుగావిడతో అంటే, అప్పు ఇవ్వలేనని. ఆ పొరుగావిడే గుమ్మంలో నిలబడి అంటే, కాస్త పెట్టమని. ‘సూర్యుడు అస్తమించాడు’ అన్న ఉదాహరణతో ఆలంకారికులు చెప్పింది ఇదే: చెప్పేవారు, వినేవారు, స్వరం, సందర్భం, చోటు, వేళ మారితే స్ఫురణ మారుతుంది.
‘నిండుకున్నాయి’ తీసి ‘అయిపోయాయి’ పెట్టండి. కొట్టు, అప్పు, అడగడం మూడూ అలాగే నిలుస్తాయి, కాబట్టి అవి అర్థాన్ని పట్టుకుని వచ్చినవి. అశుభం దాటవేసిన సుకుమారం ఒక్కటే పోతుంది, అది ఆ పదం సొత్తు.

ఇంకొకరు:
‘దీపం కొండెక్కింది’ కూడా ఇలాంటిదేనా?

జవాబు:
ప్రయోజనం అదే, సంబంధం వేరు. ఆరడానికి కొండెక్కడం వ్యతిరేకం కాదు కదా, అందుకని వైపరీత్యం అనలేం. పైగా ‘ధరలు కొండెక్కాయి’ అంటే పెరిగాయని. అక్కడ ఎత్తు అన్న పోలిక తప్ప దాచిపెట్టిన అశుభం ఏమీ లేదు. క్రియ ఒకటే కదా అని రెండింటినీ ఒకే గాట కట్టకండి.