అను ఫాంట్ల పాత ఫైళ్లు: యూనికోడ్‌లోకి మార్చాక అసలువి తీసేయొచ్చా?

రికార్డుగది (చర్చ మొదలుపెట్టినవారు)

హైదరాబాద్‌లో ఒక విశ్వవిద్యాలయ భాండాగారం ముందున్న ప్రతిపాదన ఇది. 1996 నుంచి 2011 దాకా శాఖల పత్రికలు, సెమినార్ సంచికలు, పాఠ్యపుస్తకాలు, అకడమిక్ కౌన్సిల్ తీర్మానాల తెలుగు ప్రతులు పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 6.5, 7.0లో కంపోజ్ అయ్యాయి. ఎక్కువ భాగం అను ఫాంట్లు, కొన్ని శ్రీలిపి (రెండూ యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు). సీడీల్లో ఉన్నాయి, కొన్ని ఫ్లాపీల్లో. వీటన్నిటినీ కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి డిజిటల్ భాండాగారపు సాఫ్ట్‌వేర్ డీస్పేస్‌లో ఎక్కించాలనీ, ఆ తర్వాత పీ65, పీఎండీ అనే పేజ్‌మేకర్ అసలు ఫైళ్లు తొలగించాలనీ అంటున్నారు. తెరవడానికి సాఫ్ట్‌వేరే లేనప్పుడు దాచి ఏం లాభం అన్నది వాళ్ల వాదన. వచ్చే సమావేశంలో తేల్చాలి. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

అక్షరకూర్పు

తొలగించకూడదు. అను ఫాంటులో ఉన్నది అక్షరం కాదు, అక్షరపు ముక్క. తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు అన్నీ ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. యూనికోడ్‌లో ‘స్త్రీ’ అంటే స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి, ఈ వరసలో ఆరు సంకేతాలు. ఫాంటు ఫైల్లో మాత్రం కంటికి కనిపించే వరస ఉంటుంది: ముందు ‘సీ’, తర్వాత వత్తులు. ర వత్తు ముక్కైతే చాలాచోట్ల అసలు అక్షరానికి ముందే నిల్వ అవుతుంది. కన్వర్టర్ ఈ వరసంతా తిరగేయాలి. అది చేతకానప్పుడు వచ్చేదే ‘{పభుత్వం’. మీసాల బ్రాకెట్‌తో మొదలయ్యే ఈ మాటను వెబ్‌సైట్లలో అందరూ చూసే ఉంటారు. ‘ప్రభుత్వం’ అని వెతికితే ఆ పేజీ దొరకదు.

ఇది పైకి కనిపించే తప్పు కాబట్టి దిద్దుకోవచ్చు. అసలు ప్రమాదం కనిపించని తప్పుతోనే. ఒక ఫాంటు పట్టికలో (ఏ ముక్కకు ఏ యూనికోడ్ అక్షరమో చెప్పే జాబితా) ఒక వత్తు నమోదు కాకపోతే కన్వర్టర్ దాన్ని చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. గుడ్డి గుడి అవుతుంది, కల్ల కల అవుతుంది. రెండూ సరైన తెలుగు మాటలే కాబట్టి స్పెల్‌చెకర్ పట్టదు. అసలు ఫైలు తీసేశాక పోల్చి చూడటానికి ఏమీ మిగలదు.

ఇంకోటి. కాపీ చేసి కన్వర్టర్‌లో పేస్ట్ చేస్తే ఫాంటు సమాచారం పోతుంది. అదే పేరాలో ఇంగ్లీషు ఫాంటులో ఉన్న మొక్కల శాస్త్రనామాలూ రసాయన ఫార్ములాలూ కూడా తెలుగు ముక్కలనుకుని మార్చేస్తుంది. వృక్షశాస్త్ర పుస్తకం అలా మారితే ఎందుకూ పనికిరాదు. ఫాంటు వివరాలు కూడా ఉంచే ఆర్‌టీఎఫ్ ఫైలుగా ఎగుమతి చేసి, ఏ ముక్క ఏ ఫాంటులో ఉందో చూసి మార్చే పద్ధతే వాడాలి.

సర్వర్‌పని

నేను తొలగింపు వైపే. పేజ్‌మేకర్ తర్వాత అడోబీ తెచ్చిన ఇన్‌డిజైన్ సీఎస్6 వెర్షన్ దాకా పేజ్‌మేకర్ ఫైళ్లు తెరిచేది, సీసీ వెర్షన్ వచ్చాక ఆ దారి మూసుకుపోయింది. ఇక మిగిలేది విండోస్ ఎక్స్‌పీ వర్చువల్ మెషీన్ (ఈనాటి కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిపే పాత కంప్యూటర్). ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్‌లో ఆగిపోయింది. దాన్ని నడపాలంటే పాత ఫాంట్ల పనీ, ఈనాటి సర్వర్ పనీ రెండూ తెలిసిన మనిషి కావాలి. విశ్వవిద్యాలయాల్లో అలాంటి పోస్టు లేదు. కాంట్రాక్టు మీద వచ్చినవారు వెళ్లిపోతే ఆ మెషీన్ పాస్‌వర్డ్ కూడా ఎవరికీ తెలియదు. డిస్కు చవకే, భారమంతా మనిషిది. పరిశోధక విద్యార్థికి కావాల్సింది వెతికితే దొరికే తెలుగు. నూటికి రెండు తప్పులున్నా దొరికేదే మేలు. ఎవరూ తెరవలేని ఫైలును భద్రంగా ఉంచామని చెప్పుకోవడంలో నాకు అర్థం కనిపించదు.

అసలు పోలిక కోసమే అయితే పీడీఎఫ్/ఏ (దీర్ఘకాలం భద్రపరచడానికి ఉద్దేశించిన పీడీఎఫ్ రకం) చేసి పెట్టండి, చాలు.

అక్షరకూర్పు

పీడీఎఫ్/ఏ తప్పకుండా చేయాలి. అయితే దాన్ని పరీక్షించే పద్ధతి మీద జాగ్రత్త. పీడీఎఫ్/ఏ-1బీ పూచీ ఇచ్చేది పేజీ కంటికి అలాగే కనిపిస్తుందని మాత్రమే. వెరాపీడీఎఫ్ అనే పరీక్ష పరికరంతో చూస్తే పాస్ అవుతుంది, లోపల మాత్రం ఇంగ్లీషు గుర్తుల కలగూరగంపే. పీడీఎఫ్/ఏ-2యూ స్థాయిలో ప్రతి అక్షరానికీ యూనికోడ్ సంకేతం ఉండాలి. ఇక్కడ ఉంటుంది కూడా, కానీ అది ఇంగ్లీషు అక్షరపు సంకేతం! సంకేతం ఉందా లేదా అన్నదే పరికరం చూస్తుంది, సరైనదా అన్నది దానికి తెలియదు. అందుకని కంటి రూపానికే పూచీ ఇచ్చే పీడీఎఫ్/ఏ-2బీగా చేసి, మెటాడేటాలో ‘పాఠం వెతకడానికి వీల్లేదు’ అని రాయడమే నిజాయితీ.

తార్నాక

చట్టం సంగతి కూడా చూడాలి. సమాచార సాంకేతిక చట్టం, 2000లో 7వ సెక్షన్ ప్రకారం భద్రపరచాల్సిన ఎలక్ట్రానిక్ రికార్డు తర్వాత చూసుకోవడానికి అందుబాటులో ఉండాలి. పుట్టిన రూపంలోనో, ఆ సమాచారాన్ని కచ్చితంగా చూపిస్తుందని నిరూపించగల రూపంలోనో ఉండాలి. ‘నిరూపించగల’ అన్న మాట దగ్గర ఆగండి. నూటికి రెండు తప్పులున్న యూనికోడ్ పాఠాన్ని నిరూపించేదెలా? సెమినార్ సంచిక విషయంలో ఇది పెద్దగా అడ్డం రాకపోవచ్చు. అకడమిక్ కౌన్సిల్ తీర్మానం వేరు. పదేళ్ల తర్వాత ఒక కోర్సు గుర్తింపు గురించి వివాదం కోర్టుకెక్కితే ఆ తీర్మానమే సాక్ష్యం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఇచ్చే ధ్రువపత్రంలో ఫైలు హాష్ విలువ (ఫైలులోని డేటా నుంచి లెక్కించే వేలిముద్ర లాంటి సంఖ్య) కూడా రాయాలి. కన్వర్టర్ నుంచి బయటికొచ్చిన ఫైలు హాష్ ఆ ఫైలుకే చెందుతుంది, అసలుదానికి కాదు.

కాబట్టి రికార్డులనూ ప్రచురణలనూ ఒకే గాటన కట్టొద్దు. తీర్మానాలకైతే సంతకాలున్న కాగితమే మొదటి సాక్ష్యం, అది ఎక్కడుందో ముందు తేల్చుకోండి.

రికార్డుగది

అందరికీ ధన్యవాదాలు. ఉంచాలనుకుంటే పని ఏ వరసలో చేయాలి? సీడీలు పాడవుతున్నాయని భయంగా ఉంది.

అక్షరకూర్పు

మార్పిడి మాట తర్వాత, ముందు సీడీలు దించండి. సీడీ-ఆర్‌లో మెరిసే పొర పేరు రాసే వైపు పల్చటి లక్క పూత కిందే ఉంటుంది. అటువైపు బాల్‌పెన్ గీత పడినా, అంటించిన కాగితం పీకినా డేటా పోతుంది. కింది గీతల కన్నా పైగీతలు ఎక్కువ ప్రమాదం. ఫైళ్లు లాగి కాపీ చేయకుండా డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో సీడీ మొత్తానికి ఇమేజ్ (అచ్చమైన నకలు) తీయండి. చదవలేని చోట్లు లాగ్‌లో నమోదవుతాయి, వాటి కోసం వేరే కంపెనీ డ్రైవ్‌లో మళ్లీ ప్రయత్నించొచ్చు. ఒక డ్రైవ్ వదిలేసిన సెక్టార్లు ఇంకోటి చదవడం మామూలే. ఫ్లాపీ అయితే మూలనున్న చిన్న కిటికీ తెరిచి పెట్టాకే డ్రైవ్‌లో వేయాలి, అప్పుడు దాని మీద ఏదీ రాయబడదు. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ కావాలంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ దుకాణాల్లో అడిగి చూడండి.

ఇమేజ్ తీసిన వెంటనే షా-256 హాష్ లెక్కించి బ్యాగిట్ పొట్లంలో (ఫైళ్లనూ వాటి హాష్‌లనూ కలిపి ఉంచే ఫోల్డర్ పద్ధతి) కట్టండి. ఆ తర్వాత తెరిచేది నకలునే. ఫాంటు లేని యంత్రంలో పేజ్‌మేకర్ ఫైలు తెరిస్తే వేరే ఫాంటు పెట్టుకుంటుంది. అక్కడ పొరపాటున సేవ్ కొట్టారో, అసలు ఫాంటు పేరే ఫైల్లోంచి పోవచ్చు.

పీడీఎఫ్ తీసేటప్పుడు లింకుల పట్టిక చూడండి. బొమ్మలు చాలాసార్లు పేజ్‌మేకర్ ఫైల్లో ఉండవు, పక్క ఫోల్డర్లో టిఫ్ రకం బొమ్మ ఫైళ్లుగా ఉంటాయి. లింకు తెగినా తెర మీద బొమ్మ కనిపిస్తూనే ఉంటుంది, పీడీఎఫ్‌లో మాత్రం గళ్లుగళ్లుగా పడుతుంది. అందుకే ఒక్క పీ65 ఫైలునే ఏరుకోవద్దు, ఫోల్డర్ మొత్తం ఉంచాలి.

ఇక అధస్సూచికలు. పేజ్‌మేకర్‌కు ఫుట్‌నోట్ సౌకర్యం లేదు. కంపోజర్లు వాటిని పేజీ అడుగున విడి టెక్స్ట్ బ్లాకులుగా పెట్టేవారు. పాఠం ఎగుమతి చేస్తే అవి ప్రధాన పాఠంతో రావు, విడిగా తీసి పేజీ నంబరుతో జత చేయాలి. సిద్ధాంత వ్యాసాల్లో ఇది మరిచిపోతే ఆధారాలన్నీ పోయినట్టే.

సర్వర్‌పని

ఒప్పుకుంటాను, ఒక షరతుతో. లెక్క వేసి చూశాను: ఫైలు 5 ఎంబీ అనుకున్నా 4,000 ఫైళ్లకు 20 జీబీ. నిల్వ గురించి వాదించడం దండగ. మూడు ప్రతులు పెట్టండి, ఒకటి ఎల్‌టీఓ అనే అయస్కాంత టేపు మీద వేరే భవనంలో. నా షరతు ఎక్స్‌పీ మెషీన్ గురించి: దాన్ని శాశ్వత సేవగా పెట్టొద్దు. నెట్‌వర్క్ కార్డు తీసేసి, పీడీఎఫ్‌లూ ఆర్‌టీఎఫ్‌లూ పూర్తిగా తీసేదాకా నడిపి, దాని డిస్క్ ఇమేజ్‌నూ ఫాంటు ఫైళ్లనూ లైసెన్స్ కాగితాలతో సహా భద్రపరిచి ఆపేయండి.

యూనికోడ్ పాఠాన్ని మాత్రం ప్రూఫు చూసేదాకా దాచి ఉంచొద్దు. ప్రూఫు ఎప్పటికీ పూర్తవదు. వెతుకులాటకు వాడుకుని, చదవడానికి పీడీఎఫ్ చూపించండి.

అక్షరకూర్పు

అదైతే నాకూ సమ్మతమే. కానీ ఫాంటుకొక పరీక్ష పేజీ లేకుండా మొదలుపెట్టొద్దు. క నుంచి ఱ దాకా ప్రతి హల్లుకూ గుణింతమంతా, ప్రతి వత్తూ ఆ ఫాంటులో కొట్టి, మార్చి, కంటితో పోల్చాలి. ‘ళ్ళ’, ‘క్ష్మ’, ‘ర్థ్య’ లాంటివి తప్పకుండా ఉండాలి. ‘కాన్ఫరెన్స్‌లో’ లాంటి మాటల్లో పొల్లు తర్వాత కలవకుండా ఆపే గుర్తు రావాలి. చాలా కన్వర్టర్లు దాన్ని పెట్టవు, స కింద ల వత్తు పడిపోతుంది. డీస్పేస్ రికార్డులో కన్వర్టర్ పేరు, వెర్షన్, మార్చిన తేదీ, ‘ప్రూఫు చూడలేదు’ అన్న మాట రాయాలి.

తార్నాక

తీర్మానాలకు ఆ మినహాయింపు వద్దు. అవి ప్రూఫు చూశాకే బయటికి రావాలి. పుటలు తక్కువ, చేయగలిగిన పనే.

రికార్డుగది

ఉర్దూ శాఖవి పాత ఇన్‌పేజ్ (ఉర్దూ కంపోజింగ్ సాఫ్ట్‌వేర్) ఫైళ్లు కూడా ఉన్నాయి. వాటికీ ఇదే పద్ధతా?

అక్షరకూర్పు

ఇమేజ్, షా-256, పీడీఎఫ్ వరకు ఇదే. పాఠం మార్పిడికి ఈ పట్టికలేవీ పనికిరావు, ఇన్‌పేజ్ అక్షర సంకేతాలు వేరు. ఉర్దూ చదివేవారు పక్కన కూర్చోవాలి. దానికి వేరే చర్చ తెరవండి.