పదవీ విరమణ సొమ్మును 2 రూపాయల వడ్డీకి ఇవ్వడం న్యాయమేనా?

పల్నాటి మాష్టారు:
34 ఏళ్లు ప్రభుత్వ పాఠశాలలో పనిచేసి నిరుడు పదవీ విరమణ చేశాను. ఇల్లు బాగుచేయించగా, పిల్లల అవసరాలు తీర్చగా చేతిలో 10 లక్షలు మిగిలాయి. బ్యాంకులో వేస్తే ఏడాదికి నూటికి 7 రూపాయలకు అటూ ఇటూగా వస్తుంది. మా ఊళ్లో మిర్చి వేసే కౌలు రైతులు ఇద్దరు, నా పాత విద్యార్థులే, చెరి 2 లక్షలు ఇమ్మని, నూటికి నెలకు 2 రూపాయల వడ్డీ కట్టుకుంటామని వాళ్లంతట వాళ్లే వచ్చి అడిగారు. అంటే ఏడాదికి నూటికి 24. అడిగింది వాళ్లే కదా అని సర్దిచెప్పుకోబోతే, ఒకప్పుడు ఎక్కాలు నేర్పిన పిల్లల కష్టంలో నేను వాటా అడుగుతున్నానేమో అనిపిస్తోంది. పెద్దలు తమ అభిప్రాయం చెప్పగోరుతాను.

మిర్చియార్డు గుమాస్తా:
మాష్టారు గారూ, మీరు ఇవ్వనంత మాత్రాన వాళ్లు అప్పు మానుకోరు. కౌలు రైతు చేతిలో పట్టాదారు పాసుపుస్తకం ఉండదు కనుక బ్యాంకులో పంట అప్పు పుట్టడం కష్టం. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు పొందాలన్నా భూయజమాని సమ్మతి కావలసి వచ్చింది; భూమి చేజారుతుందేమోనన్న భయంతో చాలామంది సంతకం పెట్టలేదు. ఇక మిగిలేది పురుగుమందుల దుకాణంలో అరువు, లేదా కమీషన్ వ్యాపారి ఇచ్చే పెట్టుబడి. వ్యాపారి దగ్గర తెచ్చుకున్న రైతు సరుకును ఆయన కొట్టుకే తేవాలి, ధర పడిపోయినా శీతల గిడ్డంగిలో పెట్టుకుని ఆగుతానంటే కుదరదు. ఇది నేను రోజూ కళ్లారా చూస్తున్న సంగతి. మీ దగ్గర 2 రూపాయలకు తెచ్చుకుంటే కనీసం అమ్మకంలో వాళ్లకు స్వేచ్ఛ ఉంటుంది. 2010 అక్టోబరులో సూక్ష్మ రుణ సంస్థలపై ఆర్డినెన్సు వచ్చాక ఆ సంస్థలు మన రాష్ట్రంలో కొత్త అప్పులు దాదాపు ఆపేశాయి. అవసరాలు మాత్రం ఆగలేదు.

తెనాలి వకీలు:
గుమాస్తా గారు చెప్పిన పరిస్థితి నిజమే, కానీ దాని నుంచి ఆయన తీసిన తీర్పుతో నేను ఏకీభవించను. వేరే దారి లేనివాడు ఒప్పుకున్న ధరను అతని ఇష్టంగా లెక్కించలేము. పైగా మన ఊళ్లలో కుటుంబాలను కూల్చింది వడ్డీ రేటు ఒక్కటే కాదు, నోటు తిరగరాయడం. ప్రామిసరీ నోటుకు 3 ఏళ్లు దాటితే కాలదోషం పట్టి కోర్టులో చెల్లదనే సాకుతో, గడువు ముగిసేలోగా వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాయిస్తారు. 2 రూపాయల వడ్డీకి తెచ్చిన లక్ష 3 ఏళ్లకు 1,72,000 అవుతుంది. దానినే అసలుగా తిరగరాస్తే ఆరో ఏడు ముగిసేసరికి 2,95,840 అవుతుంది. బారువడ్డీ అయితే 2,44,000 మాత్రమే. మా నాన్నగారి ఎకరంన్నర మాగాణి ఇలా రెండుసార్లు తిరగరాసిన నోటుకే పోయింది. ఇచ్చినాయన చెడ్డవాడు కాదు, మా ఇంటి శుభకార్యాలన్నిటికీ వచ్చేవాడు, అయినా కాగితం తన పని తాను చేసుకుపోయింది. ఆ బాధతోనే నేను ఈ వృత్తిలోకి వచ్చాను.

నిజానికి తిరగరాయవలసిన అవసరమే లేదు. గడువు లోపల కొంత సొమ్ము కట్టించి, నోటు వెనుక చెల్లు రాసి బాకీదారు సంతకం తీసుకుంటే, ఆ తేదీ నుంచి మళ్లీ 3 ఏళ్ల గడువు మొదలవుతుంది. అసలు అలాగే ఉంటుంది, వడ్డీకి వడ్డీ పుట్టదు. ఇంకొక హద్దు కూడా మన చట్టాలకు కొత్తది కాదు. కోస్తా, సీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు, 1938లో రాజాజీ ప్రభుత్వం తెచ్చిన రైతు రుణ ఉపశమన చట్టం, అసలుకు రెండింతలు చెల్లించిన రైతు పాత బాకీ పూర్తిగా తీరినట్టేనని చెప్పింది. 2010లో సూక్ష్మ రుణాలకు మన రాష్ట్రం చేసిన చట్టం కూడా వడ్డీ అసలును మించకూడదన్నది. మధ్యలో 70 ఏళ్లు గడిచినా గీత అక్కడే ఉంది. మాష్టారు గారు ఆ గీతను చట్టం బలవంతం చేయకుండానే తమ నోటులో రాసుకోవచ్చు.

వడ్డీ మీద బతికే ఇల్లాలు:
వకీలు గారికి ఒక మనవి. మావారు పోయాక బీమా సొమ్ము 4 లక్షలను నేను రూపాయిన్నరకు తిప్పుతూ ఇద్దరు ఆడపిల్లలను చదివించాను. అందులో 90 వేలు తిరిగి రాలేదు. తీసుకున్నాయన ఊరు విడిచి వెళ్లిపోయారు. ఇచ్చేవాళ్లందరూ మేడలు కట్టినవాళ్లు కారు. పోయే అసలుకు ఎవరు జవాబుదారీ అన్న ప్రశ్నను వదిలేసి రేటును మాత్రమే తూచితే, మాలాంటివాళ్లకు అన్యాయం జరుగుతుంది. అయినా ఒక సంగతి ఒప్పుకుంటాను. నెల తిరిగేసరికి వడ్డీ కోసం ఎదుటివారి గుమ్మంలో నిలబడినప్పుడు, వాళ్ల పొయ్యి మీద ఏముందో నా కంట పడకుండా పోలేదు.

తెనాలి వకీలు:
అమ్మా, మీ మాట సబబే. అసలు పోతుందన్న భయానికి కొంత అదనంగా తీసుకోవడం తప్పని నేను అనలేదు. మాష్టారు గారికి పింఛను ఉంది, మీకు లేదు. ఒకే రేటు ఇద్దరి చేతుల్లో ఒకే అర్థం ఇవ్వదు.

పల్నాటి మాష్టారు:
అందరికీ కృతజ్ఞతలు. 6 లక్షలు బ్యాంకులోనే ఉంచుతున్నాను. ఆ ఇద్దరికీ చెరి 2 లక్షలు రూపాయి వడ్డీకి, బారువడ్డీ లెక్కన, బ్యాంకు ఖాతాల ద్వారానే ఇస్తాను. వడ్డీ ఎంతకాలమైనా అసలును మించదని నోటులోనే రాయిస్తాను. నెలనెలా గుమ్మం తొక్కే పని పెట్టుకోను. మిర్చి అమ్మకాలు పూర్తయ్యాక, ఏడాదికి ఒకసారి వాళ్లే వచ్చి చెల్లు రాయించుకుంటారు. ఇక తేలనిది ఒక్కటే. తామర పురుగు పడి పంట మొత్తం పోయిన ఏడాది వడ్డీ కూడా నిలిపివేయాలని నాకు అనిపిస్తోంది, నా భార్య మాత్రం ఆ మాట ముందుగా చెప్పవద్దంటోంది. వకీలు గారూ, దానిని కూడా నోటులో రాయవచ్చా?