చిల్లర్ మారింది, కేబుల్ మారలేదు: మెకానికల్, ఎలక్ట్రికల్ పనుల మధ్య సమన్వయం ఎలా?

గుంటూరు సైట్ ఇంజనీరు:
అందరికీ నమస్కారం. గుంటూరులో కడుతున్న ఒక ఐదంతస్తుల ఆసుపత్రికి నేను సైట్ ఇంజనీరును. నాది సివిల్ చదువు కనుక, మెకానికల్ కాంట్రాక్టరుకూ ఎలక్ట్రికల్ కాంట్రాక్టరుకూ మాట పట్టింపు వచ్చినప్పుడు ఎవరి వాదన సరైనదో తేల్చుకోలేకపోతున్నాను.

డిజైన్ దశలో టెర్రస్ మీద పెట్టే 120 టన్నుల ఎయిర్ కూల్డ్ చిల్లర్‌కు (ఏసీ కోసం నీటిని చల్లబరిచి, ఆ వేడిని బయటి గాలిలోకి వదిలే యంత్రం; టన్నులు అన్నది చల్లబరిచే సామర్థ్యం) 232 ఆంపియర్లు అని లెక్క వేసి, 250 ఆంపియర్ల బ్రేకర్‌తో (కరెంటు మించితే సరఫరా ఆపే స్విచ్) ప్యానెల్ చేయించి, బేస్‌మెంట్ నుంచి టెర్రస్ దాకా 185 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం కేబుల్‌ను ట్రేలో పరిచేశాం. ఆ తరువాత ధర కలిసివస్తోందని కొనుగోలు విభాగం వారు మరో కంపెనీ చిల్లర్‌ను తెప్పించారు. దాని గరిష్ఠ కరెంటు 285 ఆంపియర్లు. కొత్త చిల్లర్‌లో నీటి పీడనం ఎక్కువగా పడిపోతుందని, ఆ నీటిని తిప్పే టెర్రస్ మీది పంపులను కూడా 11 కిలోవాట్ల నుంచి 15 కిలోవాట్లకు పెంచి, స్టార్-డెల్టా స్టార్టర్లు (మోటారు మొదలయ్యేటప్పుడు లాగే కరెంటును తగ్గించేవి) పెట్టారు. నిన్న ఎలక్ట్రీషియన్ పంపు మోటారు టెర్మినల్ బాక్సు మూత తీసి, లోపలున్న ఆరు బోల్టులను చూపించి, "సార్, నా దగ్గర మూడు తీగలే ఉన్నాయి" అన్నాడు. అప్పటికే టెర్రస్ మీద వాటర్‌ప్రూఫింగ్ పూర్తయింది, పంపులకు మరో కేబుల్ లాగాలంటే దాన్ని పగలగొట్టాలి. ఇప్పుడు ముందుగా దేన్ని సరిచేయాలి? ఇకముందు ఇలా జరగకుండా ఏ పద్ధతి పాటించాలి?

హైదరాబాద్ సర్వీసెస్ కన్సల్టెంట్:
ముందుగా ఒక మాట: 285 ఆంపియర్లు ఏ ఉష్ణోగ్రత దగ్గర ఇచ్చిన సంఖ్యో కంపెనీని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. ఎయిర్ కూల్డ్ చిల్లర్ల డేటా షీట్లలో కరెంటును సాధారణంగా బయటి గాలి 35 డిగ్రీలు ఉన్నప్పటి లెక్కగా చూపిస్తారు. మే నెలలో మీ ఊళ్ళో టెర్రస్ మీద గాలి 45 డిగ్రీలకు చేరితే కండెన్సర్ పీడనం పెరిగి, కంప్రెసర్ అంతకన్నా ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. కేబుల్‌ను ఆ గరిష్ఠానికే ఎంచుకోవాలి. అదే వేడికి, ట్రేలో పక్కనున్న కేబుళ్ళ వేడి కూడా కలిసి, కేబుల్ మోయగలిగే కరెంటు తగ్గుతుంది. కేటలాగులో 185 చదరపు మిల్లీమీటర్ల కేబుల్‌కు కనిపించే అంకె మీ ట్రేలో నిలబడదు. అదే సైజు, అదే పొడవు గల రెండో రన్‌ను, అంటే మరో కేబుల్‌ను, దాని పక్కనే లాగడం మీకు చవకైన దారి. అయితే బ్రేకర్ దగ్గర రెండు లగ్గులు (కేబుల్ కొసకు బిగించే లోహపు ముక్కలు) పట్టే చోటు ఉందో లేదో ప్యానెల్ తయారీదారుతో చూపించుకోండి. 250 ఆంపియర్ల బ్రేకర్‌ను మార్చక తప్పదు, దాని వెనుకనున్న బస్‌బార్ (ప్యానెల్ లోపల కరెంటును పంచే లోహపు పట్టీ) సామర్థ్యాన్నీ, ట్రాన్స్‌ఫార్మర్, జనరేటర్ల మీద పడే భారాన్నీ మళ్ళీ లెక్కకట్టించాలి.

ఆ లెక్కలో స్టాండ్‌బై పంపును (ఒకటి ఆగితే వాడే అదనపు పంపును) కలపకండి. ఆపరేషన్ థియేటర్ల గాలి యూనిట్లు మాత్రం జనరేటర్ మీద తప్పక ఉండాలి. ఫైర్ పంపుల సరఫరాను మెయిన్ బ్రేకర్‌కు ముందు నుంచి విడిగా తీసుకున్నారో లేదో ఈ సందర్భంలోనే చూడండి, ఎందుకంటే మంటలు లేచినప్పుడు భవనానికి కరెంటు తీసేసినా ఆ పంపులు ఆడాలి.

పద్ధతి గురించి అడిగారు. నా అనుభవంలో ఉమ్మడి పరికరాల పట్టిక ఒక్కటే పనిచేసింది. ప్రతి పరికరానికి ఒక వరుస ఉంటుంది. అందులో కిలోవాట్లు, గరిష్ఠ కరెంటు, స్టార్టర్ రకం, స్టార్టర్‌ను ఎవరు సరఫరా చేస్తారు, కేబుల్ ఎక్కడి నుంచి ఎక్కడిదాకా, ఐసొలేటర్ (మరమ్మతు సమయంలో కరెంటు తీసే స్విచ్) ఎవరిది అన్నవి ఉండాలి. దాని మీద రెండు కాంట్రాక్టర్ల సంతకాలు పడేదాకా ప్యానెల్ ఆర్డరు వెళ్ళకూడదు, పడిన తరువాత సంఖ్య మారితే మార్చినవారే ఖర్చు భరించాలి. మీ విషయంలో మోడల్ మార్చిన కొనుగోలు విభాగం ఆ పట్టిక చూసి ఉంటే, చిల్లర్ మీద మిగిలిన డబ్బు కేబుల్‌కే పోతుందని ముందే తెలిసేది.

విజయవాడ ప్యానెల్ పనివారు:
పంపుల సంగతి నేను చెబుతాను. స్టార్-డెల్టాలో మొదలయ్యేటప్పటి కరెంటు నేరుగా స్టార్ట్ చేసినప్పటి దానిలో మూడో వంతుకు తగ్గుతుంది. అందుకోసం మోటారు ఆరు కొసలూ స్టార్టర్ దాకా రావాలి, కాబట్టి రెండు మూడు-కోర్ కేబుళ్ళు అవసరం. వాటర్‌ప్రూఫింగ్ పగలగొట్టకండి. బేస్‌మెంట్ ప్యానెల్‌లోని స్టార్టర్‌ను తీసి, వాన తగలని బాక్సులో పంపుల పక్కనే పెట్టిస్తే, కింది నుంచి వచ్చే ఒక్క కేబుల్ చాలు. ఆ కేబుల్ సైజు, దూరానికి వోల్టేజ్ పడిపోవడం మాత్రం 15 కిలోవాట్లకు, అంటే సుమారు 27 ఆంపియర్లకు, సరిచూడాలి. స్టార్టర్ బదులు డ్రైవ్ (మోటారు వేగాన్ని మార్చే పరికరం) పెట్టినా మోటారుకు ఒకే కేబుల్ సరిపోతుంది, కానీ అది షీల్డ్ (చుట్టూ లోహపు తొడుగు) ఉన్నదై ఉండాలి.

ఇంకొకటి, ప్యానెల్ గది పైకప్పు చూడండి. నేను చూసిన ఒక సైట్‌లో చిల్డ్ వాటర్ పైపు సరిగ్గా ప్యానెల్ నెత్తిమీదుగా వెళ్ళింది. ఇన్సులేషన్ అతుకు విడిపోయి, చెమటలా పట్టిన నీళ్ళు చుక్కచుక్కగా బస్‌బార్ చాంబర్ మూత మీద పడుతుండగా మేము ఆపించాం. ప్యానెల్ ముందు నిబంధనల ప్రకారం మీటరు ఖాళీ ఉందో లేదో కూడా ఇప్పుడే టేపు పెట్టి కొలవండి, డక్టు పనివారు అక్కడే సపోర్టులు దించుతుంటారు.

దమ్మామ్ నుంచి:
సౌదీలో సరఫరా 60 హెర్ట్జ్. ఇక్కడ మా సైట్‌కు ఒకసారి 50 హెర్ట్జ్ లెక్కతో ఎంచిన పంపులు వచ్చాయి. 60 హెర్ట్జ్ మీద మోటారు వేగం 20 శాతం పెరుగుతుంది, అలా పెరిగితే పంపు అడిగే శక్తి వేగం ఘనంతో, అంటే దాదాపు 1.73 రెట్లు, పెరుగుతుంది. మోటార్లు తిప్పిన కొద్దిసేపటికే ఓవర్‌లోడ్ రిలేలు (భారం మించితే మోటారును ఆపేవి) ట్రిప్ అయ్యాయి. కేబుల్‌దే తప్పని రెండు రోజులు వెతికాం. నేమ్‌ప్లేటును (మోటారు మీద దాని వివరాలు చెక్కిన పలకను) ముందు చదివి ఉంటే అయిదు నిమిషాల్లో తేలేది. అప్పటి నుంచి సామాను దించిన రోజే నేమ్‌ప్లేట్ ఫొటో తీసి పట్టికలోని వరుసతో పోలుస్తున్నాం.

గుంటూరు సైట్ ఇంజనీరు:
ముగ్గురికీ కృతజ్ఞతలు. స్టార్టర్లను టెర్రస్ మీదికి మార్చడానికి ఇద్దరు కాంట్రాక్టర్లూ ఈ ఉదయం ఒప్పుకున్నారు. చిల్లర్ కంపెనీకి 45 డిగ్రీల కరెంటు సంఖ్య ఇమ్మని ఉత్తరం పంపాను, అది రాగానే కేబుల్ రెండో రన్‌కు ఆర్డరు పెడతాము. ప్యానెల్ ముందు కొలిస్తే 82 సెంటీమీటర్లే వచ్చింది, కాబట్టి డక్టు సపోర్టును రేపే కదిలిస్తున్నాం.