అప్‌డేట్: పాత గ్రైండర్ వేస్తే ట్రిప్ అవుతోంది అన్నాను కదా, కారణం దొరికింది

విశాఖ ఎంవీపీ కాలనీ కొత్త ఫ్లాట్‌లో పాత గ్రైండర్ స్విచ్ వేయగానే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) పడిపోతోందని అడిగాను. ఇంటి వైరింగ్ బాగానే ఉంది, తప్పు గ్రైండర్‌దే. పాత ఇంట్లో ఆర్‌సీసీబీ లేదు కాబట్టి లీకేజీ బయటపడలేదు. ఇక్కడున్నది 30 మిల్లీఆంప్స్‌ది, అంటే అంత కొద్ది లీకేజీకే పడిపోతుంది.

ప్లగ్ తీసి, 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరు) ఫేజ్ పిన్నుకీ బాడీకీ మధ్య చూస్తే 1 మెగోమ్ కూడా లేదు, అంటే కరెంటు బాడీకి లీకవుతోంది. అడుగు మూత విప్పితే, వైరు లోపలికెళ్లే చోట రబ్బరు బుష్ ఎండి రాలిపోయింది. రేకు అంచు ఇన్సులేషన్‌ని కోసేసింది, రాగికి పచ్చగా చిలుము. పిండి నీళ్లు, పైగా సముద్రపు గాలి మరి!

కొత్త 3 కోర్ వైరు, బుష్ వేశాక రీడింగ్ 20 మెగోమ్‌లు దాటింది, ట్రిప్ ఆగింది.

'ఎర్త్ పిన్ను తీసేయండి, పడదు' అన్న సలహా మాత్రం వద్దు. ట్రిప్ ఆగినా లీకేజీ బాడీ మీదే ఉంటుంది. తడి చేయి తగిలినప్పుడు తెలుస్తుంది.