తెలుగు తారుమారు ఆటలో బిళ్ళ అంటే అక్షరమా, అక్షరం ముక్కా?

ఏకాక్షరి
వాట్సాప్ గ్రూపులో ఆడే తారుమారు పదాల ఆటకు నియమాలు రాస్తున్నాం. మాటను బిళ్ళలుగా విడగొట్టి కలగాపులగం చేసి ఇస్తే అసలు మాట పట్టుకోవాలి. ఒక్క దగ్గర తెగట్లేదు. "పుస్తకం" ఇస్తే బిళ్ళలు మూడా (పు, స్త, కం), ఏడా (ప, కొమ్ము, స, పొల్లు, త, క, సున్న)?

నా ఓటు మూడుకే. గడినుడిలో (మన క్రాస్‌వర్డ్‌లో) ఒక గడికి ఒక అక్షరం. వత్తయినా గుణింతమైనా సున్నయినా ఆ గడిలోనే. ఆధారంలో "తడబడిన", "చెల్లాచెదురైన" అని కనబడగానే పలకను కలపగా మార్చేది ఆ లెక్కతోనే. అందరికీ అలవాటైన కొలతను ఆన్‌లైన్‌కి వచ్చాక మార్చడం దేనికి?

వత్తులడబ్బా
గడినుడిలో అడ్డం నిలువు ఆదుకుంటాయి. ఉత్త తారుమారులో ఆ ఊతం లేదు. పలక–కలప, నవల–వలన, వరస–సవర... చూశారా, అన్నీ గుణింతం లేని అక్షరాలే. అదీ "వరస" అని రాస్తేనే. "వరుస" అని రాస్తే సవర గల్లంతు. మన మాటలు ఎక్కువగా డు, ము, లు, సున్నలతో ముగుస్తాయి కాబట్టి "కం" కనబడితే అది చివర వేసేస్తారు. మిగిలినవి రెండు. ఇక తిప్పేదేముంది?

ఇంగ్లీషు స్క్రాబుల్‌కి 100 బిళ్ళలు సరిపోయాయి, మనిషికి 7. మనకు 36 హల్లులు, ఒక్కోదానికి వాడుకలో ఉన్న 12 గుణింతాలే వేసుకున్నా 432 బిళ్ళలు. వత్తులింకా లెక్కపెట్టలేదు. ముక్కలు చేస్తేనే ఆట నడుస్తుంది: పాము–మాపు, గాజు–జాగు, రాత–తార, పాట–టపా.

కొమ్ముదీర్ఘం
డబ్బా గారూ, మీ నాలుగు జంటలు మళ్ళీ చూడండి. పాము–మాపులో గుణింతాలు కదల్లేదు: మొదట దీర్ఘం, తర్వాత కొమ్ము. గాజు–జాగు అంతే. రాత–తార అంతే. కదిలింది పాట–టపా ఒక్కటే. అంటే మీరు వాదించేది ముక్కల ఆట గురించి, ఆడుతున్నది మాత్రం హల్లుల ఆట.

దాన్నే నియమం చేయొచ్చు. గుణింతాల చట్రం ముందే చూపించి, హల్లులు మాత్రమే కలగాపులగం చేయాలి. "మొదటి గడి దీర్ఘం, రెండో గడి సున్న, హల్లులు ద, న" అంటే దానం, నాదం రెండూ వస్తాయి. మ, న ఇస్తే మానం, నామం. ర, వ ఇస్తే వారం, రావం. రెండు హల్లులకే ఇన్ని! ఇలాంటివి తొలి రౌండుకి, నాలుగైదు హల్లులవి తర్వాతకి. ఒకే చట్రంలో రెండు మాటలు వస్తే రెండూ చెప్పినవాళ్ళకే పూర్తి మార్కులు.

ఏకాక్షరి
మరి వత్తో? పుస్తకం చట్రంలో "స్త" ఒక హల్లా, రెండా?

కొమ్ముదీర్ఘం
ఒకటే, జంటగానే కదలాలి. చిక్కు ద్విత్వాలతో: ప్ప, మ్మ, ల్ల మాట మొదట రావు. ఆ బిళ్ళ తన చోటు తానే చెప్పేస్తుంది. అందుకని ద్విత్వమున్న మాటకు కనీసం నాలుగు గడులుండాలి.

సున్నకుసున్న
బిళ్ళ ఏదని మీరు తేల్చేలోపు కోడ్ రాసేవాళ్ళకు రెండు ముక్కలు. స్ట్రింగ్‌ను నేరుగా విడగొడితే పుస్తకం 7 ముక్కలవుతుంది. కలిపాక కొమ్ము మొదట పడితే, పట్టుకోను హల్లు లేక, తెర చూపే చుక్కల వలయం మీద వేలాడుతుంది. అక్షరాలుగా విడగొట్టే ఫంక్షన్ వాడినా పాత పద్ధతిలో 4 వస్తాయి: పు, స్, త, కం. వాటిని కలిపితే ఇంకో తమాషా. "స్" పక్కన "పు" పడిందంటే తెరమీద "స్పు" అయిపోతుంది, అసలు లేని వత్తు పుడుతుంది. ఆడేవాళ్ళు దాన్ని పట్టుకుని వేలాడతారు.

2023లో వచ్చిన యూనికోడ్ (కంప్యూటర్లో అక్షరాలకు వాడే ప్రమాణం) 15.1లో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు పొల్లు తర్వాతి హల్లును కలిపే నియమం చేర్చారు. దాన్ని పాటించే కోడ్ లైబ్రరీలో 3 వస్తాయి. పాత ఫోన్ల మీద నమ్మకం వద్దు, నియమం మీరే రాసుకోండి: హల్లు, ఆపై పొల్లు–హల్లు జతలు ఎన్నైనా, ఆపై గుణింతమో పొల్లో, ఆపై సున్నో విసర్గో. అచ్చుకైతే వెనక సున్న ఒక్కటి.

జవాబు పోల్చేటప్పుడు "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో ట్ తర్వాత దాగే కనబడని గుర్తును రెండువైపులా తీసేయండి. తెరమీద చూపేటప్పుడు మాత్రం తీయొద్దు, "ట్వే" అయిపోతుంది. ఐత్వం కూడా రెండు రకాలుగా నిల్వ ఉండొచ్చు. ఎన్ఎఫ్‌సీ (రెండు రకాల నిల్వను ఒకే రూపానికి తెచ్చే యూనికోడ్ పద్ధతి) చేస్తే ఒకటవుతుంది. లేకుంటే సరైన జవాబును తప్పంటుంది, గొడవ మీ మీదకొస్తుంది.

వత్తులడబ్బా
చట్రం సంగతి ఒప్పుకుంటా, టపాను మాత్రం వదులుకోను. ఆఖరి రౌండు ముక్కలతోనే ఆడదాం.

ఇంకో సంగతి. గ్రూపులో టైపు చేయిస్తే గెలిచేది కీబోర్డే. "కమ" కొట్టగానే కింద "కమల" సిద్ధం. పైగా మొదటి జవాబు చూసి మిగతావాళ్ళు దించేస్తారు. బిళ్ళలకు అంకెలివ్వండి: 1 ప, 2 ల, 3 క. జవాబు "321, చెట్టు నుంచి వస్తుంది" అని, ఆట నడిపేవాళ్ళకు విడిగా పంపాలి. అర్థం ఎందుకంటే మూడు బిళ్ళలకు వరసలు ఆరే, గుడ్డిగా కొట్టినా తగలొచ్చు. ఒక్క అవకాశం, 90 సెకన్లు. వాట్సాప్‌లో 15 నిమిషాల దాకా సందేశం దిద్దుకోవచ్చు కాబట్టి "ఎడిటెడ్" అని ఉన్న జవాబు చెల్లదు. నెట్ నిదానంగా ఉన్నవాళ్ళున్నారు, ముందొచ్చిన జవాబుకు ఎక్కువ మార్కులు పెట్టకండి.

ఏకాక్షరి
అంకెలు బాగున్నాయి. నిఘంటువు తగువు మిగిలింది. మంచం–మంచము, ఐదు–అయిదు: రెండోది చెల్లుతుందా? "అయిదు" అంటే గడి ఒకటి పెరుగుతుంది. నా మాట: గడుల సంఖ్యకు సరిపోయి, ఆంధ్రభారతి సైటు వెతుకులాటలో ఏ నిఘంటువులో దొరికినా చెల్లుతుంది. "లు" చేర్చిన బహువచనానికి విడిగా మార్కు లేదు. పలక, పలకలు రెండింటికీ ఇస్తే ఒక్క "లు" బిళ్ళతో ఆట తినేస్తారు.

కొమ్ముదీర్ఘం
నిఘంటువులో "వెళ్తున్నాడు" దొరకదు కదండీ. క్రియలకు ఏం చేద్దాం?

ఏకాక్షరి
తొలి మూడు రౌండ్లు చట్రంతో, నామవాచకాలే. ఆఖరిది డబ్బా గారి ముక్కలతో, క్రియలు చెల్లుతాయి, తగువొస్తే ఆరోజు ఆడనివాళ్ళు ఇద్దరు తేల్చాలి. ఆదివారం ఇలా ఆడి చూద్దాం.

వత్తులడబ్బా
ఆడనివాళ్ళు ఇద్దరు దొరికితే.