ఓవెన్ నేల తుడవడానికి తడి గోనెగుడ్డా, ఇత్తడి బ్రష్షా?

మొగల్రాజపురం మేడ:
మేడ మీద ఇటుకలతో కట్టెల పిజ్జా ఓవెన్ కట్టించుకున్నాను. లోపల నేల వ్యాసం మూడడుగులు. శని, ఆదివారాల్లో ముందుగా చెప్పినవాళ్లకు పిజ్జాలు చేసి ఇద్దామని ఆలోచన. ఇప్పుడు నా దగ్గర ఉన్నవి ఒక చెక్క తెడ్డు, ఒక పట్టకారు, అమ్మ ఇచ్చిన ఊదుగొట్టం, అంతే. నేల మీద మాడిన పిండి, చీజ్ మరకలు ఎంత గోకినా పోవడం లేదు. ఆన్‌లైన్‌లో పదకొండు వస్తువుల సెట్టు ఒకటి కనిపిస్తోంది. అన్నీ అవసరమా? పిడి ఎంత పొడవు ఉండాలి? అనుభవం ఉన్నవారు చెప్పండి.

పాతబట్టీ, గుంటూరు:
సెట్టు జోలికి పోకండి. నాలుగు వస్తువులు చాలు. పొడవాటి తెడ్డు, నిప్పులు లాగడానికి చివర అడ్డరేకు ఉన్న ఇనుప కడ్డీ, బూడిద ఎత్తే పార, కర్రకు కట్టిన తడి గోనెగుడ్డ. మా నాన్నగారు గుంటూరు కొత్తపేటలో రొట్టెల బట్టీ ముందు నలభై ఏళ్లు నిలబడ్డారు. తెల్లవారుజామున నిప్పులన్నీ లాగేసి, గోనెగుడ్డను బకెట్లో ముంచి, పిండి, లోపల ఒక్క చుట్టు తిప్పేవారు. బుస్సుమని ఆవిరి లేచేది. ఆవిరి తగ్గేసరికి నేల మీద నలుసు ఉండేది కాదు. ఆ గోనెగుడ్డకు అయ్యే ఖర్చు ఎంతో మీరే లెక్క వేసుకోండి.

పటమట వంటిల్లు:
బాబాయిగారూ, ఈ ఒక్క మాట మాత్రం నేను ఒప్పుకోలేను. పిజ్జా ఓవెన్ నేల నాలుగు వందల డిగ్రీల దగ్గర ఉంటుంది. అంత కాలిన ఇటుక మీద తడి గుడ్డ పడితే ఇటుక ఒక్కసారిగా చల్లబడుతుంది, పగులు వస్తుంది. ఒకరోజులో రాకపోవచ్చు, ఆరు నెలల్లో వస్తుంది. నేల మీదకు ఇత్తడి తీగల బ్రష్షు కావాలి. ఇత్తడి మెత్తనిది కాబట్టి ఉక్కు బ్రష్షులా ఇటుకను గీరదు.

అడిగినవారికి: తెడ్లు రెండు ఉండాలి. లోపలికి వేయడానికి వెడల్పాటిది, లోపల తిప్పడానికి గుండ్రంగా చిన్నది. వేసే తెడ్డుకు చిల్లులు ఉంటే ఎక్కువైన పిండి అక్కడే రాలిపోతుంది. మీ నేల మీద మాడుతున్నది ఆ పిండే, పిజ్జా అడుగు చేదెక్కేది కూడా దానివల్లే. తరువాత కొనవలసింది దూరం నుంచి వేడి చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు. మిగిలినవి నిదానంగా చూసుకోవచ్చు.

బ్రాడీపేట భోజనప్రియుడు:
గుడ్డను గట్టిగా పిండితే అది తడి గుడ్డ అవుతుందా, పొడి గుడ్డ అవుతుందా? ముందు అది తేల్చండి.

పాతబట్టీ, గుంటూరు:
ఇటుక పగులుతుందని చెప్పేవారు పగిలిన ఇటుకను కళ్లతో చూశారా? మా బట్టీ నేల మా నాన్నగారి నలభై ఏళ్లలో రెండే రెండుసార్లు మార్చారు. రోజుకు ఒకసారి తడి గుడ్డ తగిలిన నేల అది. గుడ్డను పిండటం కూడా ఒక పని, అది నేర్చుకోవాలి. రెండు చేతుల మధ్య మెలితిప్పాక ఒక్క చుక్క కూడా రాలకూడదు. అప్పుడు అది తడి గుడ్డ కాదు, చెమ్మ గుడ్డ. తేడా తెలియనివాళ్లే ఇటుకలు పగలగొట్టుకుంటారు.

పటమట వంటిల్లు:
మీరు చెప్పేది రొట్టెల బట్టీ సంగతి. అందులో నిప్పు ముందే తీసేస్తారు. రొట్టె కాలేది మిగిలిన వేడితో, రెండు వందలో రెండు వందల యాభైయో డిగ్రీల దగ్గర. ఆ కాస్త చెమ్మ రొట్టె పైపొరకు మేలే చేస్తుంది. పిజ్జాకు మంట పక్కనే వెలుగుతూ ఉండాలి, నేల దాదాపు రెట్టింపు వేడిలో ఉండాలి. ఇటలీలోని నేపుల్స్ పద్ధతి పిజ్జా అరవై నుంచి తొంభై సెకన్లలో కాలిపోతుంది. రెండూ ఇటుకల ఓవెన్లే, కానీ రెండింటి పని వేరు. ఒకదాని అలవాటు తెచ్చి రెండోదానికి పెట్టకండి.

గుణదల కొండ కింద:
ఇత్తడి బ్రష్షులోనూ ప్రమాదం ఉంది. తీగ ఊడి నేల మీద పడి, పిజ్జా అడుగుకు అంటుకుని గొంతులోకి పోవచ్చు. అమెరికాలో గ్రిల్లు తోమే తీగల బ్రష్షుల వల్ల అలా ఆసుపత్రి పాలైన ఆరుగురి గురించి అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2012లో వివరంగా ప్రచురించింది. కడుపులో గుచ్చుకున్నవారు కూడా వారిలో ఉన్నారు. బ్రష్షు వాడేవారు ప్రతిసారీ వేలితో తీగలు లాగి చూడాలి, ఒక్కటి వదులైనా పారేయాలి.

పాతబట్టీ, గుంటూరు:
విన్నారా? మా గోనెగుడ్డ ఎవరి గొంతులోనూ గుచ్చుకోలేదు.

పటమట వంటిల్లు:
గోనె పోగులు రాలి పిజ్జాకు అంటుకోవా? నేను వారానికి రెండుసార్లు బ్రష్షు తీగలు చూస్తాను, నాలుగు నెలలకు ఒకటి మారుస్తాను. పైగా మరకలకు బ్రష్షు కూడా ఎక్కువ అవసరం పడదు. చీజ్ కారిన చోటికి నిప్పులు జరిపి ఐదారు నిమిషాలు ఉంచితే అది కాలి బూడిద అయిపోతుంది. నిప్పులు పక్కకు లాగి ఊడిస్తే చాలు. సబ్బు మాత్రం ఎప్పుడూ తగలనీయకండి, ఇటుక పీల్చుకుంటుంది. లోపలి కప్పు మసి కోసం కూడా ఎవరూ చెయ్యి పెట్టవలసిన పని లేదు. వేడి చాలినప్పుడు నల్లటి మసి దానంతట అదే కాలిపోయి కప్పు తెల్లబడుతుంది. ఓవెన్ సిద్ధమైందని చెప్పే గుర్తు కూడా అదే.

మొగల్రాజపురం మేడ:
నిప్పులు జరిపే పద్ధతి ఈ సాయంత్రం చేసి చూశాను. వారం నుంచి పోని మరక పోయింది. చాలా సంతోషం. కానీ నా పట్టకారు పొట్టిది, మణికట్టు మీద వెంట్రుకలు కమిలిపోయాయి. పిడి పొడవు సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆటోనగర్ వెల్డింగ్:
పైపు మీద చేసి ఇస్తాం. జి.ఐ. పైపు మాత్రం అడగకండి, ఎర్రటి నిప్పుల్లో జింకు పూత పొగ వదులుతుంది. మామూలు ఇనుమే మంచిది.

పాతబట్టీ, గుంటూరు:
మణికట్టు కమలడం పెద్ద సంగతి కాదు బాబూ. పది రోజులు పోతే చెయ్యి ఎక్కడి వరకు పెట్టవచ్చో దానికే తెలుస్తుంది. మా నాన్నగారు థర్మామీటరు కొనలేదు. పిడికెడు పిండి నేల మీద చల్లి, అది రంగు మారే లోపల అంకెలు లెక్కపెట్టేవారు. ఈ రోజుల్లో రెండు వీడియోలు చూసి, నాలుగు వస్తువులు తెప్పించుకుని, నలభై ఏళ్లు చేసినవాళ్లకు పాఠం చెబుతున్నారు. నేపుల్స్‌లో పిజ్జా చేసేవాళ్ల పనితనాన్ని 2017లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారని అందరూ గొప్పగా చెప్పుకుంటారు. అక్కడ చేస్తే కళ, గుంటూరులో గోనెగుడ్డతో చేస్తే మురికి పని.

పటమట వంటిల్లు:
మురికి పని అని నేను ఎక్కడ అన్నాను? నా మాటల్లో ఉంటే చూపించండి. మీరు తేలిగ్గా తీసేసిన మణికట్టు గురించి నేను చెబుతాను, వినండి.

సొంతంగా పెట్టుకోవడానికి ముందు నేను వేరే చోట పని చేశాను, పేరు వద్దు. అక్కడ ఓవెన్ దగ్గర పంతొమ్మిదేళ్ల అబ్బాయి ఉండేవాడు. చేరి రెండో వారం. నేల తుడవడానికి రెండున్నర అడుగుల కర్రకు కట్టిన తడి గుడ్డ ఇచ్చారు. శనివారం రాత్రి రద్దీలో వాడు గుడ్డ సరిగ్గా పిండలేదు. లోపల పెట్టగానే ఆవిరంతా ద్వారం నుంచి వాడి చేతి మీదకే వచ్చింది. చేయి వెనక్కి లాక్కున్నప్పుడు మణికట్టు నుంచి మోచేతి దాకా చర్మం తెల్లగా ఉబ్బి ఉంది. మంచినీళ్ల సీసా పోసి, పసుపు రాసి, మళ్లీ నిలబెట్టారు. చల్లటి కుళాయి నీటి కింద ఇరవై నిమిషాలు పెట్టాలని అప్పుడు నాకూ తెలియదు. తెలిసి ఉంటే లాక్కుపోయేదాన్ని. పెద్ద మేస్త్రీ వచ్చి చూసి, "ఒకసారి కాలితేనే చెయ్యి పని నేర్చుకుంటుంది" అన్నాడు. మీరు ఇందాక రాసిన మాట కూడా సరిగ్గా అదే, బాబాయిగారూ. నాకు పట్టింపు గోనెగుడ్డ మీద కాదు, ఆ మాట మీద.

బ్రాడీపేట భోజనప్రియుడు:
ఇటుక పగులు నుంచి ఎక్కడికి వచ్చాం!

నిర్వాహకుడు:
అందరూ మర్యాద పాటించండి. వ్యక్తిగతంగా రాస్తే ఈ చర్చ మూసేస్తాం.

పాతబట్టీ, గుంటూరు:
రాత్రి చదివి జవాబు రాయకుండా పడుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను.

మా నాన్నగారి కుడిచేతి మీద మోచేతి కింద వరుసగా మచ్చలు ఉండేవి, బట్టీ ద్వారం అంచు తగిలినవి. చిన్నప్పుడు నేను వాటిని లెక్కపెట్టేవాడిని. పదకొండు. అవి ఆయన నేర్చుకున్న గుర్తులని మా ఇంట్లో అందరం గొప్పగా చెప్పుకునేవాళ్లం. నువ్వు రాసింది చదివాక గుర్తుకు వచ్చిన సంగతి వేరు. ఆ బట్టీ యజమాని తెడ్డు విరిగితే కొత్తది కొనిచ్చేవాడు కాదు. విరిగిన కర్రకే ముక్క కట్టి వాడమనేవాడు. ఆరున్నర అడుగుల వెదురు మా నాన్నగారే సొంత డబ్బుతో కొని తెచ్చుకున్నారు, అది కూడా ఉద్యోగంలో చేరిన పన్నెండేళ్లకు. మచ్చలన్నీ అంతకుముందువే.

ఇంత చెప్పాక కూడా నా మాట ఒకటి ఉంది. ఆ బట్టీలో తరువాత కరెంటు ఓవెన్ పెట్టారు. దానికి మీటరు ఉంది, గడియారం ఉంది, ఇక మనిషి ఎందుకని మా నాన్నగారిని మాన్పించారు. చేతికి ఒక్క రూపాయి ఇవ్వలేదు. అందుకే పనిముట్ల పట్టికలు చూస్తే నాకు కోపం వస్తుంది. పని తెలిసిన మనిషికి ఇవ్వని డబ్బు సామానుకు మాత్రం ఇస్తారు.

పటమట వంటిల్లు:
మీ నాన్నగారి విషయంలో జరిగింది అన్యాయం. దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ నా దగ్గర ఉన్న ఇద్దరికీ నేను కొనిచ్చిన మొదటి వస్తువులు ఐదున్నర అడుగుల పిడులు, మోచేతి పైదాకా వచ్చే తోలు తొడుగులు. మనిషిని తీసేయడానికి కాదు, ఆ మనిషే పదేళ్లు నిలబడటానికి. తడి గుడ్డ మాత్రం నా ఓవెన్లోకి రాదు.

పాతబట్టీ, గుంటూరు:
నిప్పు తీసిన తరువాత, వేడి తగ్గాక, పొడవాటి కర్రతో చెమ్మ గుడ్డ పెడితే తప్పు లేదని నేను ఇప్పటికీ అంటాను. మంట వెలుగుతుండగా వద్దు. అంతవరకు ఒప్పుకుంటున్నాను. పొట్టి కర్ర మాత్రం ఎప్పుడూ వద్దు.

మొగల్రాజపురం మేడ గారికి: పిడి లెక్క ఇలా వేసుకోండి. లోపలి నేల మూడడుగులు. ద్వారం మందం, ముందున్న అరుగు కలిపి ఒక అడుగు. మీ చేయి అరుగు అంచుకు కనీసం అడుగున్నర దూరంలో ఉండాలి. మొత్తం ఐదున్నర. కొనేముందు మీ వెనుక ఎంత చోటు ఉందో చూసుకోండి. తెడ్డు వెనక్కి లాగినప్పుడు పిట్టగోడ తగిలితే పిజ్జా నేలపాలు.

మొగల్రాజపురం మేడ:
ఇప్పుడే టేపు పెట్టి కొలిచాను. అరుగు నుంచి పిట్టగోడ దాకా ఆరడుగుల రెండంగుళాలు ఉంది, మధ్యలో బట్టల తీగ. తీగ రేపు తీసేస్తున్నాను. ఆటోనగర్ వారికి మూడు పిడులు చెబుతున్నాను: తిప్పే తెడ్డుకు, నిప్పులు లాగే కడ్డీకి, బ్రష్షుకు. ఇత్తడి బ్రష్షుతో మొదలుపెడతాను, తీగలు వారం వారం చూసుకుంటాను.

ఆటోనగర్ వెల్డింగ్:
పట్టుకునే చోట పది అంగుళాలు చెక్క వేయించుకోండి. ఉత్త ఇనుమైతే గంటకే వేడెక్కుతుంది.

గుణదల కొండ కింద:
బూడిద సంగతి ఎవరూ చెప్పలేదు. ఎత్తిన బూడిద మూత ఉన్న ఇనుప డబ్బాలోనే వేయండి, సిమెంటు నేల మీద పెట్టండి. పైకి చల్లగా కనిపించినా లోపల నిప్పు మర్నాటికి కూడా బతికే ఉంటుంది. మా పక్కింటివారు ప్లాస్టిక్ బుట్టలో పోశారు, తెల్లారేసరికి బుట్ట అడుగు లేదు, చాప కాలింది. రెండు మూడు రోజులు ఆగి మొక్కల పాదుల్లో కొద్దికొద్దిగా వేసుకోవచ్చు. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ ముక్కలు కాల్చి ఉంటే మాత్రం ఆ బూడిద మొక్కలకు వద్దు. అసలు అలాంటివి ఓవెన్లో పెట్టకండి.

పాతబట్టీ, గుంటూరు:
ఎండిన సరుగుడు కానీ తుమ్మ కానీ తెచ్చుకోండి. తెడ్డు పిడి కూడా ఎవరైనా తేలిక చెక్క అని పొణికితో చేయిస్తామంటే వద్దనండి, అది కొండపల్లి బొమ్మలకు మంచిది, నిప్పు దగ్గరకు పనికిరాదు. శనివారం నేను బెజవాడ వస్తున్నాను. పిడులు సిద్ధమైతే ఒకసారి పట్టుకుని చూసి చెబుతాను. బకెట్, గోనెగుడ్డ నేనే తెస్తాను.

పటమట వంటిల్లు:
రండి బాబాయిగారూ, నేనూ వస్తాను. గుడ్డ మాత్రం నిప్పు తీశాకే.